చివరి వాక్యం నుంచి వెనక్కి

పిల్లల కేంద్రం, వంటగది పక్క గది నుంచి

వదినకి,

మీరిద్దరూ కులాసా అని తలుస్తాను. అన్నయ్య తన కళ్ళద్దాల దుకాణంలో నిలువుటద్దం పెట్టించాడని ఫోన్లో చెప్పాడు, దాంట్లో వచ్చినవాళ్ళ మొహాల కంటే ఆయన మొహమే ఎక్కువ కనిపిస్తోందని నువ్వు వెనకనుంచి అనడం కూడా నాకు వినపడింది.

ఇక అసలు సంగతి. వచ్చే ఏడాది నుంచి శిక్షణ పొందినవాళ్ళే పిల్లల గదుల్లో ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చింది, మా పెద్ద టీచరు నన్ను పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది, నీళ్ళిచ్చినప్పుడే నాకు భయం వేసింది, సర్టిఫికెట్ లేని ఆయాలందరూ వంటగదికో బట్టలుతికే గదికో మారిపోవాలట, పదేళ్ళుగా ఈ పిల్లల ముక్కులు తుడిచి జోళ్ళు తొడిగి ఏడుపులు మాన్పించి ఇప్పుడు నేను గోడకి ఇవతల గిన్నెలు తోముకుంటూ అవతల వాళ్ళ ఏడుపు వింటూ కూర్చోవాలా వదినా, అది నావల్ల కాదు.

ఒక్క దారి ఉంది. టీచర్ల శిక్షణ కళాశాలలో నాలాంటి పనిచేసే ఆయాలకి కొన్ని సీట్లు పెట్టారు. మార్కులు అడగరు, ఒక వ్యాసం అడుగుతారు. ‘ఒక పిల్ల దగ్గర నేను నేర్చుకున్నది’ అనేది విషయం. తల్లిదండ్రులకి రిపోర్టులు రాయాలి గనుక వాక్యాలు తప్పుల్లేకుండా ఉండాలని నోటీసులో కింద గీత గీసి మరీ రాశారు, ఆ గీత చూస్తే నాకు నువ్వే గుర్తొచ్చావు.

బడిపిల్లల వ్యాసాల పుస్తకాలు వేసే కంపెనీలో ఇన్నేళ్ళుగా నువ్వు దిద్దని వ్యాసం లేదు. మీ ఆఫీసులో నిన్ను ‘ఎర్రపెన్ను’ అంటారని అన్నయ్య చెప్పాడు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు గానీ నేను ఈసారి అర్ధమొగుడిగా రావడం లేదు, నీ కాళ్ళ దగ్గర పలక పట్టుకుని కూర్చోవడానికి వస్తున్నాను. ఫోన్లో చదివి వినిపిస్తానంటే ఒప్పుకోవు గనుక వ్యాసం ఇందులో పెట్టాను. దయ చూడు.

నీ పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, మీది వాటా నుంచి

పిచ్చుకకి,

ఆపకుండా కిచకిచలాడతావని పెళ్ళైన కొత్తలో నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. నీ ఉత్తరం చదివేసరికి నాకు ఊపిరాడలేదు. ఒక్క వాక్యంలో పై ఆర్డరూ, పెద్ద టీచరూ, మంచినీళ్ళ గ్లాసూ, పదేళ్ళ ముక్కులూ ఎక్కించావు. సిటీ బస్సయినా ఇంకెక్కడా చోటు లేదని ఒకచోట తలుపు వేస్తుంది.

వ్యాసం ఎర్రగా తిరిగొస్తోంది, భయపడకు. ఎరుపు తిట్టు కాదు. ‘వచ్చి, చూసి, కూర్చోబెట్టి, లేచి’ అని నువ్వు కట్టిన గొలుసులో చివరికి లేచింది ఎవరో నాకు తెలియలేదు. ‘ఏడుస్తూ పాపని లోపలికి తీసుకొచ్చాను’ అన్నావు. ఏడ్చింది పాపా, నువ్వా? నువ్వే అయినా ఆశ్చర్యపోను గానీ చదివేవాళ్ళకి నువ్వు తెలియవు కదా. ‘జోళ్ళు, నీళ్ళసీసాలు, బొమ్మలు అన్నీ ఒక మూల ఉంది’ అన్నావు. వాక్యం పొడుగైతే మొదట ఎందరితో బయల్దేరామో చివరికి మరిచిపోతాం, అంతే. ‘ఎందుకంటే వాళ్ళమ్మ రాదేమోనని’ అని ఒక ముక్కని ఒంటరిగా వదిలేశావు, పాపం అది ముందు వాక్యం కొంగు పట్టుకోవాలని చూస్తోంది. ‘మళ్ళీ తిరిగి’ రాసినచోట ఒకటి కొట్టేశాను. ఇంట్లో మాట్లాడే భాషలో రాస్తూ రాస్తూ హఠాత్తుగా ‘ఏడ్చుచుండెను’ అన్నావు, పిల్ల ఒంటికి ఎవరో పెద్దవాళ్ళ కోటు వేసినట్టుంది.

నాకు ఒళ్ళు మండేది మాత్రం ఇంకొకటి. ‘పాపని చూడటం జరిగింది, మాట్లాడించడం జరిగింది, అన్నం తినిపించడం జరిగింది.’ ఎవరు చేశారమ్మా ఇవన్నీ? గాలి చేసిందా? చూశాను, మాట్లాడించాను, తినిపించాను అను. పని చేసేటప్పుడు లేని మొహమాటం చెప్పేటప్పుడు ఎందుకు?

ఇప్పుడు మా ఆఫీసు కిటుకు ఒకటి చెబుతాను. వ్యాసాన్ని చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి చదువు. మొదటి నుంచి చదివితే కథ చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, తప్పులు కంటపడవు. చివరి నుంచి చదివితే ప్రతి వాక్యమూ ఒంటరిగా నీ ఎదుట నిలబడాలి. నిలబడలేనిది తనే చెబుతుంది. పైకి చదువు. ఊపిరి చాలనిచోట ఫుల్‌స్టాపు పెట్టు.

అన్నట్టు నీ వ్యాసంలో అసలు వ్యాసం మూడో పేజీ అడుగున నక్కి కూర్చుంది. ఆ పాప వీపు మీది సంచి దించనంది. దించితే వాళ్ళమ్మ రాదని దాని లెక్క. అందరూ బుజ్జగించారు. నువ్వు మాత్రం నీ చేతిసంచి భుజానికి తగిలించుకుని రోజంతా దానితో తిరిగావు, అన్నం పెట్టేటప్పుడు కూడా దించలేదు. కొన్నాళ్ళకి ఆ పిల్లే నీ సంచి తీసి కొక్కేనికి తగిలించి, తరవాత తనది తగిలించింది. ఇంత మాట చెప్పడానికి ముందు రెండు పేజీలు పసిమనసుల మీద ఉపన్యాసం దేనికి? అది ఎవరైనా రాస్తారు. సంచి నువ్వే రాయాలి.

మళ్ళీ రాసి పంపు. దీపాలు కూడా పొదుపుగా వెలిగే కాలం వచ్చింది, ఈ ఉత్తరం మసక వెలుతురులో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నన్నను.

వదిన

*

పిల్లల కేంద్రం నుంచి

వదినకి,

నీ ఉత్తరం అందింది. చదివాను. నవ్వాను. తరవాత ఏడ్చాను. మళ్ళీ చదివాను.

ఇలా రాస్తే బాగుందా? మా వంటామెకి చూపిస్తే టెలిగ్రాములా ఉంది, ఎవరు పోయారు అని అడిగింది. అందుకని మరీ అంత పొట్టిగా కాకుండా, మరీ బస్సులా కాకుండా మధ్యలో ఎక్కడో నిలబడటం నేర్చుకుంటున్నాను.

నీ కిటుకు నన్ను పట్టుకుంది. గోడ మీది నోటీసులన్నీ చివరి నుంచి చదువుతున్నాను. ‘గేటు దాటిన పిల్లల బాధ్యత తీసుకోబడదు’ అని మా గేటు మీద ఎప్పటినుంచో ఉంది. ఎవరు తీసుకోరు? పెద్ద టీచర్ని అడిగాను. నీకు ఆ వ్యాసం తలకెక్కినట్టుంది అంది ఆవిడ. సాయంత్రం చూస్తే ఆ పలక తీసేసి ఉంది.

వ్యాసం మళ్ళీ రాశాను. ఉపన్యాసం మొత్తం చింపేశాను. చింపేటప్పుడు ప్రాణం గిలగిల్లాడింది, అందులో మంచి మంచి మాటలు ఉన్నాయి వదినా, ఏ పుస్తకంలోనివో గుర్తులేదు గానీ. ఇప్పుడు పాప గేటు దగ్గర నిలబడటంతో మొదలవుతుంది. ‘జరిగింది’ ఒక్కటి కూడా లేదు. నేను చేసినవన్నీ నేనే చేశానని రాస్తుంటే కొంచెం సిగ్గేసింది, తరవాత పోయింది.

ఇక్కడ పరిస్థితి చెబుతాను. బట్టలుతికే గదిలో నాకు ఒక కొక్కెం కేటాయించారు. మీద నా పేరుతో చీటీ కూడా అంటించారు. ఇంకా సీటు రాలేదు, రాదనీ తెలియదు, అప్పుడే చీటీ ఏమిటి? పిల్లలు పక్క గదిలో నిద్రలేచి నన్ను పిలుస్తుంటే ఆ చీటీ చూడబుద్ధి కాలేదు. నెలాఖరులోగా వ్యాసం కళాశాలకి చేరాలి. నా ఆశంతా నీ ఎర్రపెన్ను మీదే.

నీ పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, మీది వాటా నుంచి

పిచ్చుకకి,

వ్యాసం చదివాను. చాలా బాగుంది. తప్పులు లేవు. ఒకటి రెండు చోట్ల గీత గీశాను, అంతే. ఇక ఆలస్యం చెయ్యకుండా పంపెయ్యి.

మీ అన్నయ్య కులాసా. నేనూ కులాసా. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

వదిన

*

పిల్లల కేంద్రం నుంచి

వదినకి,

నాకు తెలిసిపోయింది. నువ్వు పరీక్ష పెట్టావు కదూ.

‘తప్పులు లేవు’ అని చూడగానే ఎగిరి గంతేశాను. వంటామెని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. పంపేద్దామని కవరు తెచ్చి, ఎందుకో ఆగి, నువ్వు చెప్పినట్టు చివరి నుంచి ఒకసారి చూశాను. చూస్తే ఏముంది, నాలుగు తప్పులు. ఒక చోట ఫుల్‌స్టాపు లేకుండా రెండు వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒక చోట ‘పిల్లలందరూ వచ్చింది’ అని నేనే సిగ్గులేకుండా రాశాను, మొదట ‘పాప’ అని రాసి తరవాత మార్చినప్పుడు చివర మార్చలేదు. ఇంకో చోట సగం వాక్యం. నాలుగోది చెప్పను, అది మరీ పరువు తక్కువ.

నీలాంటి మనిషి ఇవి చూడకుండా పోవడమా? నన్ను నేనే దిద్దుకుంటానా లేదా అని చూడటానికే వదిలేశావు. వంటామెకి చెబితే, గొప్ప టీచర్లు అలాగే చేస్తారట, ఈత నేర్పేటప్పుడు చెయ్యి వదిలేసినట్టు అంది. నాకు భలే గర్వంగా ఉంది. దిద్దిన కాపీ మళ్ళీ పెడుతున్నాను. ఈసారి నిజంగా చూడు.

నీ ఉత్తరం కొంచెం చిన్నదైంది. పని ఎక్కువ అన్నావు కదా, అనుకున్నాను. ఆఖరి వరుస పై వరుస మీదికి ఎక్కింది, కంగారులో రాశావా?

నీ పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, మీది వాటా నుంచి

పిచ్చుకకి,

పరీక్షే. పట్టుకున్నావు. గురువుని మించిపోయావు. ఇన్నేళ్ళ ఎర్రపెన్ను ఆ మాత్రం తప్పులు చూడకుండా పోతుందా? నీ వంటామె తెలివైంది, నా నమస్కారం చెప్పు.

కొత్త కాపీ చూశాను. ఒక చోట గీశాను. ఇప్పుడంతా బాగుంది. పోస్టు చెయ్యి. నెలాఖరు దాకా ఆగకు, పోస్టువాళ్ళని నమ్మి కూర్చుంటే అంతే సంగతులు.

ఇక ఈ ఉత్తరాలు రాసుకోవడం దేనికి, పని అయిపోయింది కదా. ఏమైనా ఉంటే ఫోన్ చెయ్యి.

వదిన

*

పిల్లల కేంద్రం నుంచి

వదినకి,

నీ ఉత్తరం చివరి నుంచి చదివాను. నువ్వు నేర్పిందే.

‘ఫోన్ చెయ్యి.’ ఈ మాటని ఒంటరిగా నిలబెట్టి చూశాను. ఇది నీ మాట కాదు. ఫోన్లో మనుషులు మాట సగంలో వదిలేస్తారు, కాగితం మీద వదిలితే దొరికిపోతారు అని పెళ్ళైన ఏడాదే నాకు చెప్పావు. నాకు జ్వరం వస్తే కూడా ఉత్తరమే రాశావు.

‘పరీక్షే.’ నువ్వు పరీక్ష పెడితే ముందే చెప్పి, రెండు రోజులు భయపెట్టి, అప్పుడు పెడతావు. చెప్పకుండా పెట్టే అలవాటు నీకు లేదు.

‘ఒక చోట గీశాను.’ గీశావు, నిజమే. ఆ కాగితం నా ఎదుటే ఉంది. నీ ఎర్రగీత వాక్యం కింద లేదు వదినా. రెండు వాక్యాల మధ్య ఖాళీలో ఉంది. అక్కడ దిద్దడానికి ఏమీ లేదు. అంతకుముందు పంపిన కాగితం కూడా తీసి చూశాను, అందులోనూ అంతే, గీత పక్కకి జారి మార్జిన్లోకి పోయింది. నేను పరీక్ష అన్న సంతోషంలో చూడలేదు. మొదటిసారి నువ్వు దిద్దిన కాగితంలో గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయనుకున్నాను, ఇప్పుడు వాటినీ దగ్గరగా చూస్తే మూడో పేజీ నుంచి వణికాయి.

మసక వెలుతురు అన్నావు. అన్నయ్య దుకాణం మీద ఉండే ఇంట్లో వెలుతురుకి లోటా? ఆయన దీపాల పిచ్చి నాకు తెలియదా?

నీకు కళ్ళు సరిగా కనిపించడం లేదు. అవునా, కాదా?

అన్నయ్యకి ఫోన్ చెయ్యలేదు. నీ మాట నువ్వే చెప్పాలి. కానీ ఒకటి విను. వ్యాసం కవరులో పెట్టి అంటించాను. అడ్రసు రాశాను. స్టాంపులు కూడా అంటించాను. నువ్వు నిజం చెప్పేదాకా దాన్ని పోస్టు చెయ్యను. ఇది బెదిరింపే. నెలాఖరు నీకూ తెలుసు, నాకూ తెలుసు. బట్టలుతికే గదిలో నా పేరుతో కొక్కెం ఎలాగూ ఉంది.

పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, మీది వాటా నుంచి

మొండిఘటానికి,

ముందు తిట్టనీ. నీ పదేళ్ళ పనినీ నా కళ్ళనీ ఒకే తక్కెడలో వేసి నన్ను తూకం వెయ్యమంటావా? నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపిస్తే తెలిసిపోతుందని, భూతద్దం పెట్టి ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ చదివాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. చదివాక కోపం వచ్చింది, కోపం తగ్గాక నువ్వు చెప్పిందే నిజమనిపించింది.

కనిపించడం లేదు. ఏడాదిగా కనిపించడం లేదు. మొదట కామాలు పోయాయి. తరవాత ఒత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇప్పుడు తెల్ల కాగితం మీద ఎవరో పొగ ఊదినట్టుంటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి నేర్పుతున్నానని చెప్పి, ప్రూఫులు ఆమె చేత పైకి చదివించి వింటూ దిద్దుతున్నాను. చెవితో పట్టుకోగలిగినవి పట్టుకుంటున్నాను. నీ వ్యాసం దగ్గర ఆ వేషం కుదరలేదు, ఇంటికి వచ్చిన కాగితం కదా. మొదటి కాపీ ఎలాగో భూతద్దంతో ఏరుకుంటూ దిద్దాను, తరవాతివాటికి కళ్ళు చాలలేదు.

మీ అన్నయ్యకి ఎందుకు చెప్పలేదంటావా? దీపం కిందే చీకటి. ఊళ్ళో అందరి కళ్ళూ చూసే మనిషికి పెళ్ళాం కళ్ళు చూసే తీరిక ఏదీ? పైగా పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదు. అందుకని నేను చేసిన ఘనకార్యం విను. ఎదుటి వరుసలో ఆ రెండో కళ్ళద్దాల దుకాణం ఉంది చూడు, దాని పేరెత్తితే మీ అన్నయ్య భోజనం మానేసే దుకాణం, అక్కడికి ముసుగు వేసుకుని వెళ్ళి అద్దాలు కొనుక్కున్నాను. అవీ పనిచెయ్యలేదు. కుట్టుపెట్టెలో దాచాను.

నీతో నిజం చెబుతాను. మీ అన్నయ్య టార్చి వేసి చూస్తే ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. చెబితే అది నిజమైపోతుందని భయపడ్డాను. నేను చేరినప్పుడు మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు, నాకు పెన్ను పట్టుకోవడం నేర్పింది ఆయనే. కళ్ళు మందగించాక ఆయన్ని పొమ్మనలేదు, మూల ఒక కుర్చీ వేసి కవర్లు అంటించే పని ఇచ్చారు. ఆయన కవర్లు అంటిస్తూ అడ్రసులు మొహానికి దగ్గరగా పెట్టుకుని తప్పులు వెతికేవారు. నేను ఆ మూల వైపు చూడకుండా నడిచేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆఫీసు సంచి భుజాన ఉన్నంతకాలం అందులో నన్ను ఎవరూ కూర్చోబెట్టరని నా ధైర్యం.

అన్నిటికంటే నన్ను కోస్తున్నది ఇది. నీ వ్యాసం మీద ‘తప్పులు లేవు’ అని చూడకుండా రాశాను. నువ్వు ఆగి చూడకపోతే ఆ నాలుగు తప్పులతో అది కళాశాలకి పోయేది, నీ సీటు నా గర్వం కింద నలిగిపోయేది. ఇక నీ వ్యాసం చూడగలిగినదానివి నువ్వొక్కదానివే. నా ముద్ర కోసం ఎదురుచూడకు. చివరి నుంచి ఒక్కసారి చదువుకో, పోస్టు చెయ్యి. నీ షరతు నేను తీర్చాను.

రెండో షరతు కూడా తీర్చాను, నువ్వు అడగకపోయినా. మీ అన్నయ్యకి చెప్పాను. కింద ఆయన రాస్తారట.

వదిన

చెల్లాయ్, మీ వదిన ఏడాదిగా నా కళ్ళెదుటే తిరుగుతున్నా నాకు కనిపించలేదు.  రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాను, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పారు. ఈవిడ ఆఫీసులో పుస్తకం అచ్చుకి వెళ్ళాలని, వాన తగ్గాలని సాకులు చెబుతోంది. నా మాట వినదు. నువ్వు రాగలవా? ఎదుటివాడి దగ్గర కొన్నందుకు కోపం తరవాత తీరిగ్గా పడతాను. వాడు ఫ్రేము కూడా వంకరగా బిగించాడు. – అన్నయ్య

*

పిల్లల కేంద్రం నుంచి

వదినకి,

ఈ ఉత్తరం అన్నయ్య నీకు చదివి వినిపిస్తాడు గనుక నిన్ను నాలుగు మాటలు అనడానికి వీల్లేకపోయింది. వచ్చాక అంటాను.

వ్యాసం పోస్టు చేశాను. అంటించిన కవరు చింపి, కాగితాలు బయటికి తీసి, పిల్లలు పడుకున్నప్పుడు వాళ్ళ గదిలోనే కూర్చుని చివరి నుంచి ఒక్కొక్క వాక్యం చదివాను. గట్టిగా చదివితే లేస్తారని పెదాలు కదుపుతూ చదివాను. చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరని మొదట భయమేసింది. కాసేపటికి నువ్వు ఎక్కడ ఏమంటావో నాకు వినపడటం మొదలైంది. ‘ఎవరు చేశారమ్మా’ అన్నావు ఒకచోట. దిద్దాను. ‘ఏడ్చింది పాపా, నువ్వా’ అన్నావు ఇంకోచోట. ఇద్దరమూ అని రాశాను, అదే నిజం గనుక.

ఒక్క చోట మాత్రం నీ మాట వినలేదు. ఎక్కడో చెప్పను. చూపు వచ్చాక నువ్వే పట్టుకో. కాపీ దాచి ఉంచాను.

సెలవు దొరికింది. పెద్ద టీచరు ఎందుకని అడిగింది. మా ఇంట్లో ఒక పాప సంచి దించనంటోందని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు, అయినా సంతకం పెట్టింది. ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తున్నాను.

నీ పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, మీది వాటా నుంచి

పిచ్చుకకి,

రెండో కంటి కట్టు విప్పి వారమైంది. చూపు వచ్చాక నా అంతట నేనే చదువుకుని రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. వరుసలు తిన్నగా వస్తున్నాయో లేదో నువ్వు చెప్పనక్కర్లేదు, కనిపిస్తున్నాయి. మా గోడలు ఇంత మురికిగా ఉన్నాయని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మీ అన్నయ్యకి ఇన్ని నెరిసిన వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో అడిగితే, ఎదుటి దుకాణం అద్దాల్లో కనిపించలేదా అన్నారు. ఆ కోపం ఈ జన్మకి తీరేలా లేదు. ఆఫీసు నుంచి కబురు వచ్చింది, నా కుర్చీలో ఎవరూ కూర్చోలేదట, కొత్తమ్మాయి ప్రూఫుల కట్ట పక్కన పెట్టి ఎదురుచూస్తోందట. కళ్ళు లేనప్పుడు మూల కుర్చీ గురించి ఎన్ని ఊహించుకున్నానో, వాటిలో ఇది లేదు.

నువ్వు పంపిన కళాశాలవాళ్ళ కాగితం చదివాను. ‘తమరు ప్రవేశమునకు ఎంపిక చేయబడినట్లు తెలియజేయడం జరుగుతున్నది.’ నీకు సీటు వచ్చింది, పిచ్చుకా. గట్టిగా చదివాను, కింద దుకాణంలోవాళ్ళు కూడా పైకి చూశారట. ఏడ్చాను. ఏడ్చాక పెన్ను తీసి దాన్ని దిద్దాను. ‘మిమ్మల్ని ఎంపిక చేశాం’ అంటే సరిపోయేది కదా. టీచర్లని తయారుచేసే చోటే ఇలా ఉంటే నువ్వు వెళ్ళి వాళ్ళకి కొంచెం నేర్పాలి. బట్టల గదిలో కొక్కెం మీది చీటీ నువ్వే నీ చేత్తో పీకెయ్యి, ఇంకెవరికీ ఆ సంతోషం ఇవ్వకు.

తరవాత వ్యాసం కాపీ తీశాను. చివరి నుంచి చదివాను. అన్ని వాక్యాలూ వాటి కాళ్ళ మీద అవి నిలబడ్డాయి. నా మాట వినని చోటు కూడా దొరికింది. ఆ పాప లేచి, గది దాటి వచ్చి, నీ భుజం మీది సంచి లాగి, మునివేళ్ళ మీద నిలబడి కొక్కేనికి తగిలించి, వెనక్కి తిరిగి నిన్ను చూసి, తన సంచి దించే వాక్యం. ఊపిరి చాలనంత పొడుగు. మామూలుగా అయితే మూడు ముక్కలు చేసేదాన్ని. పెన్ను కాగితం దాకా వచ్చింది. మూత పెట్టేశాను.

ఇది రాయకుండా ఉత్తరం ముగించలేను. ఆస్పత్రిలో మొదటి ఆపరేషను రోజు లోపలికి పిలిచే ముందు నర్సు నా సంచి ఇమ్మంది. నేను ఇవ్వలేదు. అందులో ఉన్నది అచ్చుకి వెళ్ళాల్సిన ప్రూఫులూ ఎర్రపెన్నూ తప్ప ఇంకేమీ కాదు. అయినా ఇస్తే ఇక ఆఫీసుకి వెళ్ళనని నా లెక్క. మీ అన్నయ్య బతిమాలారు. నర్సు గడియారం చూసుకుంది. నువ్వు మాత్రం బెంచీ కింద పెట్టిన నీ చేతిసంచి తీసి, భుజానికి తగిలించుకుని, నా పక్కన కూర్చున్నావు. మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా దించలేదు.

నీ వ్యాసం అన్నిసార్లు ముందు పెట్టుకున్నదాన్ని, నువ్వేం చేస్తున్నావో నాకు తెలియదనుకున్నావా? అంతా తెలుసు. తెలిసే లేచి, తడుముకుంటూ నీ భుజం మీది సంచి తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాను. తరవాత నాది.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. దీన్ని మాత్రం చివరి నుంచి చదవకు. మొదటి నుంచే చదువు.

వదిన